ఫ్యాన్ కొనే ముందు ఏ ఫ్యాన్ అరుస్తోందో పట్టుకోండి

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఖమ్మంలో ఒక చిన్న గదిలో పదో తరగతి లెక్కల పాఠాలు రికార్డ్ చేస్తున్నారు. మైక్‌లో పడుతుందని సీలింగ్ ఫ్యాన్ ఆపేస్తారు, కిటికీలు మూసేస్తారు. అయినా కంప్యూటర్ హోరు వీడియోలో వినిపిస్తోందని పిల్లలు చెబుతున్నారు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాంతో పాటే వచ్చిన కూలర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డ్, ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్, అందులో రంగుల లైట్ల ఫ్యాన్లు నాలుగు. షాపతను ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ పెట్టించుకోమన్నాడు. చేతిలో ఐదు వేలు ఉన్నాయి, నిశ్శబ్దంగా తిరిగే ఫ్యాన్లు ఏవి కొనాలి అని అడిగారు.

నేను సికింద్రాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను, రిపేర్లూ చేస్తాను. శబ్దం గురించి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మీలాగే ఫ్యాన్ పేరు అడుగుతారు. పేరు చెప్తాను, కానీ చివర్లో. ఎందుకంటే ఎంత మంచి ఫ్యాన్ అయినా నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే హోరుమంటుంది. మామూలు ఫ్యాన్ కూడా ఏడెనిమిది వందల చుట్ల దగ్గర దాదాపు వినిపించదు. మన పనల్లా ఫ్యాన్ నెమ్మదిగా, ఒకే వేగంతో తిరిగితే సరిపోయే పరిస్థితిని పెట్టెలో కల్పించడం. అది కుదిరాక ఏ కంపెనీది కొన్నా పెద్ద తేడా ఉండదు.

ముందు అసలు అరుస్తున్నది ఏదో పట్టుకోవాలి. మీ పెట్టెలో తిరిగేవి కనీసం ఏడు ఉన్నాయి: క్యాబినెట్ ఫ్యాన్లు నాలుగు, ప్రాసెసర్ మీద ఒకటి, గ్రాఫిక్స్ కార్డ్ మీద ఒకటో రెండో, పవర్ సప్లైలో ఒకటి. పాత హార్డ్ డిస్క్ ఉంటే అదీ లెక్కే. న్యూస్‌పేపర్‌ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరని ఒక్కో భాగం వైపు తిప్పుతూ వినండి. రెక్కలకు మాత్రం తగలనివ్వకండి. ఆ తర్వాత కంప్యూటర్ ఆపి, స్విచ్ కట్టేసి, క్యాబినెట్ ఫ్యాన్ల కనెక్షన్లన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేసి పది నిమిషాలు ఖాళీగా ఉంచి వినండి. ప్రాసెసర్ ఫ్యాన్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పీకొద్దు. ఏ పనీ చేయించకపోతే పది నిమిషాల్లో పెట్టెకి ఏమీ కాదు. అప్పటికీ హోరు అలాగే ఉంటే దోషం క్యాబినెట్ ఫ్యాన్లది కాదన్నమాట. హోరు ఒక్కసారిగా సద్దుమణిగితే దోషం వాటిదే.

ఈ పరీక్ష మీద ఇంత పట్టు ఎందుకంటే ఒకసారి నేనే పొరపాటు పడ్డాను. వీణ నేర్పే ఒకావిడ ఇంట్లో రికార్డింగ్ గదికి కంప్యూటర్ కట్టాను. సన్నగా, ఆగకుండా ఒక మూలుగు వినిపిస్తోందని ఆవిడ ఫోన్ చేశారు. వెళ్లి ఖరీదైన ఫ్యాన్లు మూడు మార్చాను, మూలుగు పోలేదు. ప్రాసెసర్ కూలర్ మార్చాను, అయినా పోలేదు. మూడోసారి వెళ్లినప్పుడు ఆవిడే క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి, "రేకు అదురుతోందండీ, చూడండి" అన్నారు. హార్డ్ డిస్క్! నిమిషానికి 7,200 చుట్లు అంటే సెకనుకి 120. ఆ అదురు స్క్రూల ద్వారా రేకులోకి, రేకు నుంచి టేబుల్ చెక్కలోకి దిగి, టేబులంతా వీణ కుండలా మోగుతోంది. డిస్క్‌ని రబ్బరు వాషర్ల మీద బిగించి, క్యాబినెట్ కింద మందపాటి ఫోమ్ ముక్కలు పెట్టాను. శబ్దం పోయింది. ఆ ఫ్యాన్ల డబ్బు ఆవిడ దగ్గర తీసుకోలేదు, వెనక్కి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి చెవితో, చేత్తో వెతకనిదే ఎవరికీ ఫ్యాన్ అమ్మలేదు. మీ దగ్గర కూడా పాత హార్డ్ డిస్క్ ఉంటే, పాఠాలు దాచుకోవడానికి మాత్రమే వాడుతూ ఉంటే, దాన్ని బయట పెట్టుకునే కేస్‌లోకి మార్చి రికార్డింగ్ అప్పుడు తీసేయండి. విండోస్ మాత్రం తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీలో ఉండాలి.

ఇంకో శబ్దం ఉంది, దాన్నీ ఫ్యాన్ల ఖాతాలో వేస్తారు. మౌస్‌తో పేజీ కిందికి లాగుతుంటే కీచుమని మారుతూ ఉంటుంది. అది కార్డ్‌లోనో పవర్ సప్లైలోనో ఉన్న కాయిల్స్ చేసే శబ్దం. ఎన్ని ఫ్యాన్లు మార్చినా అది పోదు. మీరు చెప్పింది హోరు కాబట్టి దాని గురించి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు మీ క్యాబినెట్ ఫ్యాన్ల సంగతి. పక్క అద్దం తీసి వాటి వైర్లు ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి. తక్కువ ధర గేమింగ్ క్యాబినెట్లలో ముందే బిగించి వచ్చే ఫ్యాన్లకు చాలావాటికి మదర్‌బోర్డ్ కనెక్షనే ఉండదు. పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద తెల్ల మోలెక్స్ ప్లగ్‌కి గొలుసులా తగిలించి ఉంటాయి. అందులో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు రెండూ ఎర్త్. ఆ ఫ్యాన్లకు దొరికేది పూర్తి 12 వోల్టులు. పెట్టె చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, మీరు స్క్రీన్ వైపు చూస్తూ ఖాళీగా కూర్చున్నా, అవి పుట్టిన రోజు నుంచి ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంటాయి. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డ్ సొంత సెట్టింగుల్లో, ఎన్ని మార్చినా వాటికి వినపడదు. మీవి అలాంటివేనని నా గట్టి అనుమానం. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ దాని గాలి చప్పుడులో ఈ హోరు కలిసిపోతుంది. రికార్డింగ్ కోసం దాన్ని ఆపిన క్షణాన బయటపడుతుంది. అందుకే "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళే మొదలైంది" అనిపిస్తుంది చాలామందికి.

అవి మోలెక్స్ ఫ్యాన్లే అయితే వాటిలో రెండింటిని ఇవాళే పీకేయండి. ఖర్చు లేని మొదటి మందు ఇదే. నాలుగు ఒకే రకం ఫ్యాన్లలో రెండు ఆపితే 3 డెసిబెల్స్ తగ్గుతాయి. పెద్ద తగ్గుదల కాదు కానీ, వేడి ఎంత పెరిగిందో చూస్తే ఆ ఫ్యాన్లు అసలు పని చేస్తున్నాయో లేదో తేలిపోతుంది. ముందు అద్దం వెనక కూర్చుని లైట్లు వెలిగించుకోవడం తప్ప గాలి లాగని ఫ్యాన్లను నేను చాలా చూశాను.

ఆ అద్దమే అన్నిటికంటే పెద్ద విషయం. ఫ్యాన్ గాలి తీసుకోవాలంటే దారి ఉండాలి. ముందు మొత్తం అద్దం, పక్కన వేలెడు సందు, ఆ సందులో దుమ్ము జాలీ ఉంటే ఫ్యాన్ ముక్కు మూసుకుని ఊపిరి పీల్చినట్టే. లోపలికి గాలి రాక వేడి పెరుగుతుంది, ప్రాసెసర్ ఫ్యాన్ పరుగెత్తుతుంది, హోరు పెరుగుతుంది. దీన్ని తేల్చడానికి ఒక పరీక్ష చెప్తాను. మీరు ఎప్పుడూ చేసే పాఠం లాంటిదే అరగంట రికార్డ్ చేసి, చివర్లో ప్రాసెసర్ వేడి ఎంతో రాసుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చూపిస్తుంది. తర్వాత ముందు ప్యానెల్ ఊడదీసి, అదే గదిలో, అదే పని అరగంట చేసి మళ్లీ రాసుకోండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే మీ క్యాబినెట్ గాలి గొంతు నొక్కుతోందని అర్థం. అప్పుడు ఐదు వేల ఫ్యాన్లు పెట్టినా అవి ఆ సందులోంచి గాలి లాగలేక మరింత అరుస్తాయి. ఆ డబ్బుతో ముందువైపు జాలీ ఉన్న మామూలు క్యాబినెట్ కొనుక్కోవడం మేలు. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్‌ని నిందించనక్కర్లేదు.

నెమ్మదిగా తిరగడం మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం లెక్కలో ఉంది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీకు నచ్చుతుంది కూడా. ఒక ఫ్యాన్ తోసే గాలి దాని వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే గాలి సగం. ఒత్తిడి వేగం వర్గంతో, తినే కరెంటు ఘనంతో పోతాయి. శబ్దం ఇంకా వేగంగా పడిపోతుంది: వేగాల నిష్పత్తికి లాగరిథం కట్టి దాదాపు 50తో గుణిస్తే డెసిబెల్స్‌లో తేడా వస్తుంది. 1,200 చుట్ల నుంచి 800కి దింపారనుకోండి. గాలి మూడో వంతు తగ్గింది. శబ్దం దాదాపు 9 డెసిబెల్స్ తగ్గింది. 10 తగ్గితే మన చెవికి సగం అయినట్టు ఉంటుంది కాబట్టి ఇది దాదాపు సగమే. ఇప్పుడు 1,200 మీద తిరిగే ఒక ఫ్యాన్ బదులు 800 మీద తిరిగే ఫ్యాన్లు రెండు పెట్టండి. రెండోదాని వల్ల 3 డెసిబెల్స్ పెరుగుతాయి. అయినా మొత్తం మీద 6 తక్కువే, పైగా అడ్డు లేకపోతే గాలి మూడో వంతు ఎక్కువ. ఎక్కువ ఫ్యాన్లు పెడితే ఎక్కువ శబ్దం అనుకుంటారు అందరూ. వాటి వేగం మన చేతిలో ఉన్నప్పుడు జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కంటే 140ది ఎందుకు మంచిదో కూడా ఇక్కడే ఉంది. వైశాల్యం 36 శాతం ఎక్కువ, అంటే అదే గాలిని తక్కువ చుట్లతో తోస్తుంది. మీ క్యాబినెట్ ముందు 140కి రంధ్రాలు ఉంటే అవే తీసుకోండి. లేకపోతే 120 చాలు, దిగులు పడక్కర్లేదు.

ఇక మన ఊళ్ల ఎండ. ఫ్యాన్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా 20, 22 డిగ్రీల గదిలో కూర్చుని రాస్తారు. మీది ఖమ్మం. మే నెల మధ్యాహ్నం కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాన్ ఆపితే గది 37, 38 దాకా సులువుగా వెళ్తుంది. గాలితో చల్లబడే ఏ వస్తువూ గదికంటే చల్లగా ఉండలేదు. గది 15 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మీ ప్రాసెసర్ వేడి 84 డిగ్రీలని రాశారు, ఆ అంకె నాకు వింతగా లేదు. డిసెంబర్‌లో కొలిస్తే అదే పెట్టె 70 దగ్గర ఉండేది. మీ ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన హద్దు 90, కాబట్టి పాడైపోతుందన్న భయం వద్దు. కానీ హద్దు దగ్గరపడే కొద్దీ ఫ్యాన్ ప్రాణం పెట్టి తిరుగుతుంది. చలికాలంలో ముచ్చటగా సెట్ చేసుకున్న ఫ్యాన్ వేగాలు ఏప్రిల్ వచ్చేసరికి తలకిందులయ్యేది ఇందుకే. ఎప్పుడు సెట్ చేసినా ఎండాకాలాన్ని మనసులో పెట్టుకుని చెయ్యాలి. వీలైతే ఎండల్లో పాఠాలు తెల్లవారుజామున రికార్డ్ చేయండి. గది ఆరేడు డిగ్రీలు తక్కువ ఉంటుంది, వీధిలో బండ్ల చప్పుడూ ఉండదు.

గదిని చల్లబరచలేం కాబట్టి పెట్టెలో పుట్టే వేడినే తగ్గిద్దాం. ఇది మీ విషయంలో ఫ్యాన్ల కంటే ఎక్కువ పనిచేస్తుందని నమ్ముతున్నాను. మీరు ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రాంతో రికార్డ్ చేస్తున్నానన్నారు. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించి ఫైల్‌గా మార్చేది, ఏముందో చూడండి. ఎక్స్264 అని ఉంటే వీడియో పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతోంది. దాన్ని ఎన్‌వెంక్‌కి మార్చండి. మీ 1650 కార్డ్‌లో ఆ పనికే విడిగా ఒక భాగం ఉంది, దానికి అది చాలా తేలిక. బోర్డు మీద రాత, మీ మాట, ఓ కెమెరా: ఇంతేగా రికార్డ్ అయ్యేది. నాణ్యతలో పిల్లలకు తేడా తెలియదు, ప్రాసెసర్ వాడకం మాత్రం కళ్లముందే పడిపోతుంది.

రెండోది, ప్రాసెసర్ బూస్ట్. మీ 5600 మామూలు వేగం 3.5 గిగాహెర్ట్జ్, అవసరమైతే 4.4 దాకా దూకుతుంది, అప్పుడు 76 వాట్ల దాకా తాగుతుంది. పైనున్న ఆ కొద్దిపాటి వేగం కోసమే వేడి చాలావరకు పుడుతుంది. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మార్చితే బూస్ట్ ఆగిపోతుంది. బయోస్ జోలికి పోనక్కర్లేదు. రికార్డింగ్‌కి ఒక పవర్ ప్లాన్, ఎడిటింగ్‌కి ఒకటి పెట్టుకోండి. ఎడిటింగ్ అప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఎలాగూ తిరుగుతుంది, అప్పుడు పెట్టె ఎంత అరిచినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు కొనే విషయం. మీ డబ్బులో మొదటి సగం ప్రాసెసర్ కూలర్‌కి పెట్టండి. దాంతో వచ్చిన కూలర్ మొత్తం అల్యూమినియం దిమ్మ, వేడిని పైకి మోసే రాగి గొట్టాలు ఉండవు. దాని మీద ఫ్యాన్ కూడా చిన్నది. చిన్న ఫ్యాన్, చిన్న దిమ్మ కలిసినప్పుడు చల్లబరచడానికి వేగం ఒక్కటే దారి. నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న నిలువు టవర్ కూలర్ ఏదైనా తీసుకోండి. మీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌కి సరిపోతుందని కూలర్ అట్టపెట్టె మీద చూసుకోండి. ఎత్తు మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో టేపుతో కొలవండి. ఈ రకం కూలర్లు ఎక్కువగా 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. కొలవకుండా తెచ్చుకుని పక్క అద్దం మూత పడక తిరిగి వచ్చినవాళ్లను చూశాను. పాత కూలర్ తీసేటప్పుడు ముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు నడిపి వేడెక్కించి, ఆపి, మెల్లగా అటూ ఇటూ మెలితిప్పుతూ ఎత్తండి. ఏఎం4లో చల్లగా ఉన్నప్పుడు గట్టిగా లాగితే కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రాసిన పేస్ట్ పట్టుకుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, కింద పిన్నులు వంగుతాయి. ఈ ఒక్క చోట మాత్రం తొందరపడొద్దని బతిమాలుతున్నాను.

లిక్విడ్ కూలర్ వద్దు. 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కి అది గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టు. దాని రేడియేటర్ మీద ఎలాగూ ఫ్యాన్లే ఉంటాయి, వాటికి తోడు ఒక పంపు. ఆ పంపుకి తనదైన ఒక సన్నటి మూలుగు ఉంటుంది. ఫ్యాన్‌ని నెమ్మది చేసినంత సులువుగా పంపుని చెయ్యలేం. నిశ్శబ్దం కోసం ఇంకో మోటారు తెచ్చుకోవడం నాకు అర్థం కాదు.

మిగిలిన సగంతో ఫ్యాన్లు మూడు: ముందు రెండు లోపలికి తీసుకోవడానికి, వెనక ఒకటి బయటికి నెట్టడానికి. పైన ఏమీ పెట్టకండి, మీ పెట్టెకి అవసరం లేదు. పైకప్పు రంధ్రాలు శబ్దాన్ని నేరుగా మీ చెవిలోకి, మైక్‌లోకి వదులుతాయి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం కనెక్టర్. మూడు పిన్నుల ఫ్యాన్‌ని వోల్టేజీ తగ్గించి నెమ్మది చెయ్యాలి. 5 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి చాలా ఫ్యాన్లు మొరాయిస్తాయి. నాలుగు పిన్నులదానికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ మీద సెకనుకి 25 వేల సార్లు వచ్చే సంకేతమే ఎంత వేగంగా తిరగాలో చెబుతుంది. అందుకే బాగా కిందికి దింపినా స్థిరంగా తిరుగుతుంది. ఫ్యాన్ అట్టపెట్టె మీద గరిష్ఠ వేగం కంటే కనిష్ఠ వేగాన్ని చూడండి. 300 నుంచి 500 మధ్య ఉంటే మీ పనికి బ్రహ్మాండం. 800 కంటే కిందికి రాని ఫ్యాన్‌కి రాత్రిపూట గదిలో చోటు లేదు.

రెండోది బేరింగ్. చవక ఫ్యాన్లలో స్లీవ్ బేరింగ్ ఉంటుంది. కొత్తలో నిశ్శబ్దమే, కానీ వేడికి నూనె ఎండిపోయి రెండు మూడేళ్లకే గరగరమంటుంది. పడుకోబెట్టి బిగిస్తే ఇంకా ముందే. బాల్ బేరింగ్ ఎక్కువ కాలం మన్నుతుంది కానీ నెమ్మదిగా తిరిగినప్పుడు కూడా కొద్దిగా టిక్‌టిక్ వినిపిస్తుంది. మీకు కావలసింది ఫ్లూయిడ్ డైనమిక్ రకం. ఇరుసు చుట్టూ నూనె పొర ఒత్తిడితో నిలిచి ఉంటుంది, లోహం లోహానికి రాసుకోదు. మన వేడికి, మీ మైక్‌కి అదే సరైనది.

అట్టపెట్టె మీద డెసిబెల్ అంకె చూసి మాత్రం కొనొద్దు. ఎంత దూరంలో, ఎలాంటి గదిలో కొలిచారో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒక కంపెనీ 22ని, ఇంకో కంపెనీ 25తో పోల్చడం రెండు వేర్వేరు తరాజుల్లో తూచిన కూరగాయల్ని పోల్చడమే. గాలి పరిమాణం అంకె కూడా ముందు ఏ అడ్డూ లేనప్పటిది. ఒత్తిడి అంకె దారి పూర్తిగా మూసేసినప్పటిది. ఆ రెండూ ఒకేసారి ఎప్పుడూ దొరకవు. జాలీ, అద్దం ఉన్న చోట ఒత్తిడి ఎక్కువ ఉన్న ఫ్యాన్ కావాలి. వెనక ఖాళీగా ఉన్న చోట ఏదైనా సరిపోతుంది.

పేర్లు అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ డబ్బుకి ఆర్కిటిక్ వాళ్ల పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ సరిపోతుంది. వేగం 200 నుంచి 1,800 దాకా, ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్, ఒకదానికొకటి గొలుసులా తగిలించుకోవడానికి తీగలోనే సాకెట్ ఉంటుంది. ఇంకొంచెం పెట్టగలిగితే నాక్టువా ఎన్ఎఫ్-పీ12 రిడక్స్. అదే ఆస్ట్రియా కంపెనీ 2018లో తెచ్చిన ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 అంటే నాకు చాలా ఇష్టం. రెక్క చివరకి, చట్రానికి మధ్య సందు అర మిల్లీమీటరే. మామూలు ప్లాస్టిక్ తిరిగి తిరిగి సాగుతుంది, అంత దగ్గరగా పెడితే కొన్నాళ్లకి చట్రానికి రాసుకుంటుంది. అందుకని సాగని ప్రత్యేకమైన పాలిమర్‌తో చేశారు. ఆరేళ్ల వారంటీ ఇస్తారు. అయితే మీరు 700 చుట్ల దగ్గర తిప్పబోతున్నారు. అంత నెమ్మదిలో దానికీ మంచి మామూలు ఫ్యాన్‌కీ తేడా మీ మైక్ పట్టలేదు. ఆ డబ్బు కూలర్‌కి పెట్టమనే నా మాట. లైట్లు ఉన్నవి, బిల్లులో కంపెనీ పేరు లేనివి వద్దు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర ఉన్న కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వచ్చే పని ఉంటే కౌంటర్ మీద ఫ్యాన్ ఆడించి చూపించమనండి, కానీ ఆ సందడిలో శబ్దం తేల్చుకోలేరు. చేత్తో పట్టుకుని అదురు మాత్రం చూడగలరు.

బిగించేటప్పుడు ఫ్యాన్‌కి చట్రం కడ్డీలు కనిపించే వైపు గాలి బయటికి వస్తుందని గుర్తుపెట్టుకోండి. తిరగేసి బిగించిన ఫ్యాన్లు వారానికొకటైనా నా దగ్గరికి వస్తాయి. ఇనుప స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వాడితే అదురు రేకులోకి దిగదు. మదర్‌బోర్డ్‌లో ఫ్యాన్ సాకెట్లు తక్కువైతే ఒక సాకెట్‌కి ఎక్కువ ఫ్యాన్లు తగిలించే స్ప్లిటర్ తీగ వాడొచ్చు. ఒక సాకెట్‌కి సాధారణంగా ఒక ఆంపియర్ హద్దు. లైట్లు లేని ఫ్యాన్లు మూడింటికి అంత అవసరమే పడదు.

బిగించాక ఒక రాత్రి కూర్చుని ఈ పని చేయండి, ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, ఒక్కో ఫ్యాన్ వేగాన్ని 20 శాతం నుంచి 5 చొప్పున పెంచుతూ పోండి. ప్రతి మెట్టు దగ్గర అర నిమిషం కళ్లు మూసుకుని వినండి. ఏ ఫ్యాన్‌కైనా ఒకటి రెండు వేగాల దగ్గర 'మ్మ్' అని ఒక మూలుగు పుడుతుంది. ఆ పైన పోతుంది, ఆ కింద పోతుంది. అది ఫ్యాన్ తప్పు కాకపోవచ్చు, మీ క్యాబినెట్ రేకుతో దానికి స్వరం కలిసింది. ఆ శాతాలు రాసుకుని, ప్రోగ్రాంలో ఏ వేడికి ఎంత వేగమో చెప్పే గీతని, వేగం అక్కడ ఆగకుండా దాటిపోయేలా గీయండి.

గీత విషయానికొస్తే, ప్రాసెసర్ 65 డిగ్రీలు దాటేదాకా ఒకే వేగం, 35 నుంచి 40 శాతం, కదలకుండా. 75కి 60 శాతం, 85కి పూర్తి. ఒక ఫైల్ తెరిచినా మీ ప్రాసెసర్ వేడి క్షణంలో పది డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరుగెత్తకూడదు. ప్రోగ్రాంలో స్పందించే సమయాన్ని అయిదారు సెకన్లు పెట్టండి. చెవిని విసిగించేది పైకీ కిందికీ ఊగే శబ్దమే. ఒకే తీరున ఉండే హోరుని మెదడు కాసేపట్లో వదిలేస్తుంది. మీకు ఇంకో లాభం కూడా ఉంది: ఓబీఎస్‌లోని నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ ఒకే తీరున ఉన్న శబ్దాన్ని శుభ్రంగా తీసేస్తుంది, ఊగేదాన్ని తీయబోతే మీ గొంతుని కూడా కొరుకుతుంది.

పెట్టె టేబుల్ మీద, మైక్ పక్కనే ఉందని ఫోటోలో చూశాను. దాన్ని కిందికి దించి, టేబుల్ అవతలి చివర పెట్టండి. బహిరంగ స్థలంలో దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. గదిలో గోడల వల్ల అంత రాదు కానీ బాగానే తగ్గుతుంది. నేల మీద నేరుగా కాకుండా చిన్న పీట మీద పెట్టండి, లేకపోతే ఊడ్చిన దుమ్మంతా అదే పీలుస్తుంది. మైక్ వెనక వైపు పెట్టె ఉండేలా చూసుకోండి, చాలా మైకులు వెనక నుంచి తక్కువ వింటాయి.

దుమ్ము గురించి ఒక్క మాట. మూడు నెలలకోసారి జాలీలు కడగండి, బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే హద్దు మీరి తిరిగి బేరింగ్ పోతుంది. ఆ గదిలోనే దేవుడి మూల ఉంటే సాంబ్రాణి, అగరొత్తుల పొగ రెక్కల మీద జిగటగా పేరుకుంటుంది, దానికి దుమ్ము అంటుకుని బరువు ఒక పక్కకి పోతుంది, ఫ్యాన్ అదరడం మొదలుపెడుతుంది. గట్టిగా ఉన్న పొర ఊదితే పోదు, తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

మాస్టారూ, ఇప్పుడే ఏమీ కొనొద్దు. ఈ ఆదివారం, ముందువైపు అద్దం ఉన్నప్పుడు, తీసినప్పుడు వచ్చిన వేడి అంకెలు రెండూ, ఎన్‌కోడర్ మార్చాక వచ్చిన అంకె, మీ ఫ్యాన్ల వైర్లు ఎక్కడికి వెళ్తున్నాయో చూపే ఒక ఫోటో పంపండి. మీ క్యాబినెట్ లోపల వెడల్పు కూడా కొలిచి పంపితే అందులో పట్టే కూలర్ ఏదో పేరుతో సహా చెప్తాను.